గుంతను పూడ్చాలంటే ముందు దాన్ని పెద్దది చేయాలి

మీ కాలనీ మలుపులో ఒకే గుంతను ఆరు నెలల్లో మూడుసార్లు పూడ్చారు, మూడుసార్లూ లేచిపోయింది. ఇది డబ్బులు తినడం వల్లా, పని రాకపోవడం వల్లా, అసలు నగరంలో గుంత పూడ్చే పద్ధతంటూ ఒకటి ఉందా అని అడిగారు. నేను హైదరాబాద్‌లో రోడ్డు కాంట్రాక్టర్ల దగ్గర సైట్ ఇంజినీరుగా ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అందులో సగం ప్యాచ్ వర్కే. నేను వేసిన ప్యాచ్‌లలో ఏళ్ల తరబడి నిలిచినవి ఉన్నాయి, పదకొండో రోజుకే లేచొచ్చినవీ ఉన్నాయి. కాబట్టి రెండు రకాల గురించీ చెప్పగలను.

డబ్బుల సంగతి తర్వాత చూద్దాం. ముందు గుంత ఎలా పడుతుందో చూడండి.

తారు రోడ్డు అంటే మనకు కనబడే నల్లటి పొర. కాలనీ రోడ్లలో అది చాలాచోట్ల రెండంగుళాలు కూడా ఉండదు. బరువు మోసేది దాని కింద దిమ్మిస కొట్టినట్టు గట్టిపడిన కంకర. ఆ కంకరకు పైనున్న తారు గొడుగు లాంటిది. గొడుగుకు పగులు వస్తే వాన నీళ్లు లోపలికి దిగుతాయి, కంకర నానుతుంది. ఇక పైనుంచి చక్రం వెళ్లిన ప్రతిసారీ లోపలి నీళ్లు పిచికారీ కొట్టినట్టు పగుళ్లలోంచి పైకి చిమ్ముతాయి, వాటితోపాటు సన్నటి డస్ట్, అంటే రాతి పొడి, బయటికి వచ్చేస్తుంది. వానాకాలంలో రోడ్డు పగుళ్ల చుట్టూ బూడిద రంగు మరకలు చూసే ఉంటారు. అది గాలికి వచ్చిన దుమ్ము కాదు, రోడ్డు కడుపులోంచి వచ్చిన డస్ట్. డస్ట్ పోయిన చోట లోపల డొల్ల మిగులుతుంది. ఆ మరక కనబడిందంటే ఇంకో రెండు మూడు పెద్ద వానలకు అక్కడ గుంత ఖాయం అనుకోవచ్చు.

హైదరాబాద్‌కు ఇంకో తిరకాసు ఉంది. మన కంకరంతా గ్రానైట్ క్వారీల నుంచి వచ్చేదే. గ్రానైట్ గట్టి రాయే, కానీ అందులో సిలికా ఎక్కువ. అలాంటి రాయికి తారు కన్నా నీళ్లంటేనే మక్కువ. రాయికీ తారుకూ మధ్య నీళ్లు దూరితే తారును మెల్లగా వలిచేస్తాయి. దీన్నే స్ట్రిప్పింగ్ అంటాం. అందుకే మిక్స్‌లో, అంటే తారు కలిపిన కంకరలో, యాంటీ స్ట్రిప్పింగ్ కెమికల్ గానీ పొడి సున్నం గానీ కలపాలి. మీ గుంతలోంచి లేచొచ్చిన ముక్క ఒకటి దొరికితే తిరగేసి చూడండి. రాళ్లు కడిగినట్టు తెల్లగా ఉంటే స్ట్రిప్పింగ్. రాళ్లు నల్లగానే ఉండి, పెచ్చు పెచ్చుగా ఊడి వస్తే కింది పొరకు అతుక్కోలేదన్నమాట. అడుగున మట్టి పట్టుకుని వస్తే గుంతను ఊడవకుండానే మిక్స్ పోశారు. చేతిలో నలిపితే పొడిపొడిగా రాలితే మిక్స్ చల్లారాక వేశారు, లేదా రోలింగ్ సరిగ్గా జరగలేదు. రిపోర్టు ఎవరూ ఇవ్వక్కర్లేదు, ఆ ముక్కే చెబుతుంది.

ఒకే రోజు, ఒకే మిక్స్‌తో వేసిన రోడ్డులో కూడా గుంతలు ఎక్కడపడితే అక్కడ పడవు. బస్టాపుల్లో, సిగ్నళ్ల దగ్గర పడతాయి, అక్కడ బ్రేకు వేసినప్పుడల్లా చక్రం తారును ముందుకు నెడుతుంది. మ్యాన్‌హోల్ మూత చుట్టూ పడతాయి, అంత దగ్గరికి రోలర్ వెళ్లదు. కేబుల్ కోసమో పైపు కోసమో తవ్విన కాలువ వెంట వరసగా పడతాయి. ఇక స్పీడ్ బ్రేకర్ ముందు పడే గుంత గురించి ఎవరూ పట్టించుకోరు. అంచుల దగ్గర నీళ్లు పోయే సందు వదలకుండా ఆ గోడ నుంచి ఈ గోడ దాకా స్పీడ్ బ్రేకర్ కట్టేస్తే అది చిన్న చెక్ డ్యామ్. దాని ఎగువన నీళ్లు నిలుస్తాయి, అక్కడే గుంత పడుతుంది. మీ మలుపులో స్పీడ్ బ్రేకర్ ఉందేమో చూడండి.

ఇప్పుడు పూడ్చే పద్ధతి. దీనికి కేంద్ర రవాణా శాఖ స్పెసిఫికేషన్లు ఉన్నాయి (ఐదో రివిజన్, 2013), రోడ్డు ఇంజినీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిన కోడ్‌లు ఉన్నాయి. అవి ఏం చెబుతాయో మామూలు మాటల్లో చెప్తాను. అన్నిటికన్నా ముందు చేయాల్సింది జనానికి వింతగా ఉంటుంది: గుంతను పెద్దది చేయాలి. గుంత అంచున కనబడే తారు అప్పటికే అడుగున డొల్లగా, చుట్టూ పగిలి ఉంటుంది. అక్కడిదాకా నింపి వదిలేస్తే ఆ చచ్చుబడిన అంచు నెలలోపే విరుగుతుంది, కొత్త ప్యాచ్‌ను కూడా లాక్కుపోతుంది. కాబట్టి గట్టి రోడ్డు తగిలేదాకా చుట్టూ కోసుకుంటూ పోవాలి. కట్టర్‌తోనో గడ్డపారతోనో చదరంగానో దీర్ఘచతురస్రంగానో కోయాలి, అంచులు గోడలా నిట్టనిలువుగా ఉండాలి. మూకుడులా వాలుగా ఉంటే అంచు దగ్గర మిక్స్ పొర పలచబడి రాలిపోతుంది, చక్రం నెట్టినప్పుడు ఆనుకోవడానికి గోడా ఉండదు. ఒక అడుగు గుంత ఇలా కోశాక మూడడుగులు అవుతుంది. ఆ సమయంలో దారినపోయే పెద్దమనిషి ఎవరో ఒకరు ఆగి "పూడ్చమంటే తవ్వుతున్నారేంటయ్యా" అని అడగని రోజు నా సర్వీసులో లేదు.

కోశాక లోపలున్న నానిన కంకరా మట్టీ తీసేయాలి. తడి ఉంటే ఆరనివ్వాలి. లోతు ఎక్కువైతే ముందు వెట్ మిక్స్ (నీళ్లు కలిపిన) కంకర వేసి దిమ్మిసతో గట్టిచేసుకోవాలి. ఆ తర్వాత అడుగునా, నాలుగు గోడలకూ ఎమల్షన్, అంటే నీళ్లలో కలిపిన తారు, పూయాలి. దీన్ని ట్యాక్ కోట్ అంటాం, ఇది జిగురు. పూసినప్పుడు కాఫీ రంగులో ఉంటుంది, అందులోని నీళ్లు విడిపోయాక నల్లబడుతుంది. నల్లబడేదాకా ఆగాలి. ఆ పది పదిహేను నిమిషాలు ఆగలేక కాఫీ రంగు మీదే మిక్స్ పోసేస్తుంటారు, నేనూ పోయించాను. ఇంకొందరు జిగురు ఎక్కువైతే బాగా అంటుకుంటుంది కదా అని గుంతలో మడుగు కడతారు. అదీ తప్పే. ఎక్కువైన తారు ఎండకు కరిగి పైకి తేలి, ప్యాచ్ జారిపోతుంది.

అప్పుడు హాట్ మిక్స్. మామూలుగా వాడే వీజీ-30 రకం తారైతే ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల దగ్గర కలుపుతారు, రోడ్డు మీద పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు, 90కి పడిపోకముందే రోలింగ్ అయిపోవాలి. పరిచేటప్పుడు చుట్టూ ఉన్న రోడ్డు కన్నా ఎత్తుగా పోయాలి, ఎందుకంటే వదులుగా ఉన్న మిక్స్ రోలర్ కింద దాదాపు నాలుగో వంతు అణుగుతుంది. రోలింగ్ అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు రావాలి. అంతా అయ్యాక ప్యాచ్ రోడ్డు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తు ఉంటే మంచిది, తర్వాత వాహనాలు దాన్ని సమం చేస్తాయి. పల్లంగా ఉంటే మాత్రం రేపటి వానకు అదే చెరువు. చివరగా అతుకు వెంట కాస్త తారు పూసి పైన డస్ట్ చల్లితే పని పూర్తయినట్టు. ఇదంతా ఒక గుంతకు అరగంట నుంచి ముప్పావు గంట పని. లోతుగా ఉన్నా తడిగా ఉన్నా ఇంకా ఎక్కువే పడుతుంది.

మరి ఇంత తెలిసీ ఎందుకు చేయరు? ఇక్కడ చిన్న లెక్క చెప్తాను. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు ఉన్న గుంతకు దాదాపు 115 కిలోల మిక్స్ పడుతుంది. ప్లాంటు నుంచి వచ్చే టిప్పర్‌లో పది టన్నులు ఉంటాయనుకోండి. అంటే అలాంటి గుంతలు 87 దాకా పూడిస్తే గానీ బండి ఖాళీ అవదు. ఒక్కో గుంతకు అరగంట అనుకున్నా ఒక గ్యాంగ్ రోజంతా చేసినా ఇరవై దాటవు. టార్పాలిన్ కప్పినా మిక్స్ రెండు మూడు గంటలకు మించి పనికొచ్చే వేడి నిలుపుకోదు. ప్లాంట్లన్నీ ఊరి బయట ఉంటాయి, పగటిపూట పెద్ద బండ్లకు నగరంలో ఆంక్షలు ఉంటాయి. ఫలితం ఏమిటంటే, మొదటి నాలుగైదు గుంతలు బాగుంటాయి. పదో గుంత దగ్గరికి వచ్చేసరికి మిక్స్ గడ్డకట్టి, పారతో పొడిస్తే పెళ్లలు పెళ్లలుగా వస్తుంది. అప్పుడు కూలీలు కాస్త డీజిల్ చల్లి మెత్తబరుస్తారు. డీజిల్ తారును కరిగిస్తుంది, ఆ ప్యాచ్‌కు ఇక ఆయుష్షు లేదు. ఇవన్నీ తెలిసిన కాంట్రాక్టరు కోయడం మానేస్తాడు, ఆరబెట్టడం మానేస్తాడు. ఊడ్చీ ఊడవకుండా మిక్స్ పోసి, పార వెనకభాగంతో నాలుగు దెబ్బలు వేసి, టిప్పర్ చక్రాన్నే రోలర్ అనుకుని ఎక్కించి వెళ్లిపోతాడు. మీ వీధిలో జరిగింది కూడా ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

వానాకాలంలో ఇంకా కష్టం. తడి మీద, వాన పడుతుండగా హాట్ మిక్స్ వేయకూడదని స్పెసిఫికేషనే చెబుతుంది. ప్లాంట్లలో కంకర తడిసిపోతుంది, చాలావరకు ఆపేస్తారు. గుంతలు పడేదేమో అప్పుడే. అందుకే బస్తాల్లో వచ్చే కోల్డ్ మిక్స్ వాడతారు. వేడి చేయక్కర్లేదు, కొన్ని రకాలు తడిలోనూ పట్టుకుంటాయి. దాన్ని నేను తక్కువ చేయను, సరిగ్గా కొడితే వానాకాలం గడిపేస్తుంది. కానీ అది బ్యాండేజీ. వానలు తగ్గాక అదే చోట కోసి హాట్ మిక్స్ వేయాలి. ఆ రెండో రాక ఎప్పుడూ ఉండదు, ఎందుకంటే కాగితం మీద ఆ గుంత ఇప్పటికే పూడిపోయింది.

నా సొంత తప్పు ఒకటి చెప్తాను, మీ కేసుకు దగ్గరగా ఉంటుంది. ఒక కాలనీలో గుడి మలుపు దగ్గర రావిచెట్టు, దాని ముందు గుంత. సంక్రాంతి ముందు నేనే దగ్గరుండి పూడ్పించాను. వాన లేదు, మిక్స్ వేడిగా ఉంది, చదరంగా కోశాం. పదకొండో రోజుకు లేచిపోయింది. జిగురు తక్కువైందనుకుని రెండోసారి ట్యాక్ కోట్ దండిగా కొట్టించాను. ఆ ప్యాచ్ శివరాత్రి దాకా నిలిచి, తర్వాత మెత్తగా పొంగి పక్కకు జరిగింది. నాకు ఒకటే టెన్షన్, ప్యాచ్ లేస్తే మా సొంత ఖర్చుతో మళ్లీ వేయాలి కదా. మూడోసారి వెళ్లినప్పుడు పాలమూరు మేస్త్రీ ఒకాయన గుంత ముందు గొంతుక్కూచుని అడుగున చెయ్యి పెట్టి చూసి, "సారూ, ఎండకాలంల గూడ తడి ఉన్నదంటే ఇది గుంత గాదు, చెలిమె" అన్నాడు. వాగు ఇసుకలో నీళ్ల కోసం తోడే చెలిమె. ఇంజినీరింగ్ చదివిన నాకు ఆ మాట తట్టలేదు.

మూడడుగులు తవ్వితే కింద ఒక ఇంటి నల్లా కనెక్షన్. ప్లంబరెవరో వేసిన జాయింటు దగ్గర దారంలా నీళ్లు కారుతున్నాయి. అంత సన్నటి ధార రోజుకు ఇరవై నాలుగు గంటలు కారుతూ చుట్టూ ఉన్న కంకరను బురద చేసేసింది. ఆ బురద మీద నేను రెండుసార్లు ఖరీదైన మిక్స్ పోశాను. జాయింటు మార్చడం అరగంట పని. తవ్వినదాన్ని ఆరారు అంగుళాల పొరలుగా కంకరతో నింపుతూ, తడుపుతూ, దిమ్మిస కొట్టించాం. వెంటనే తారు వేయకుండా వారం రోజులు బండ్లను దాని మీదే తిరగనిచ్చాను, దిగాల్సింది దిగిపోవాలని. దిగింది కూడా, దాదాపు అంగుళం. అప్పుడు తారు వేశాం. నాలుగేళ్ల తర్వాత రోడ్డు మొత్తం మళ్లీ వేసేదాకా అది కదల్లేదు.

అందుకని మీరు ముందు చూడాల్సింది ఒకటే: వానలు లేని రోజుల్లో, అంటే మార్చి నెలలో, ఆ గుంత అడుగు తడిగా ఉంటుందా? ఉంటే కింద ఏదో కారుతోంది. నల్లా నీళ్లా, డ్రైనేజీ నీళ్లా తేల్చడానికి నీటి సరఫరా సిబ్బంది క్లోరిన్ పరీక్ష చేస్తారు. గుంతలోంచి తీసిన నీళ్లలో చుక్కల మందు వేస్తే పసుపు రంగు వచ్చిందా, అది నల్లా నీళ్లే. రంగు రాకపోతే డ్రైనేజీయో బోరు నీళ్లో అయ్యుండొచ్చు. గుంత పొడిగానే ఉంటే పైనుంచి వచ్చే నీళ్ల సంగతి చూడండి. పొద్దున్నే కార్లు కడిగే నీళ్లు, ట్యాంకు నిండి పొర్లే నీళ్లు రోడ్డు మీదికి వదిలే ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉంటాయి. వాళ్లే గుంతల మీద అందరికన్నా గట్టిగా ఫిర్యాదు చేస్తారు, అది వేరే విషయం.

ఇక డబ్బు, బాధ్యత. 2007లో ఏర్పడినప్పటి జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ మహానగర పాలక సంస్థ) హద్దుల్లోనే దాదాపు 9,000 కిలోమీటర్ల రోడ్లు ఉన్నాయని లెక్క. అన్నీ దానివి కూడా కావు. కొన్ని ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)వి, కొన్ని జాతీయ రహదారులు, సికింద్రాబాద్‌లో కొన్ని కంటోన్మెంట్ బోర్డువి. ఫిర్యాదు ఎటు పోవాలో అటు పోకపోతే అక్కడే తిరుగుతూ ఉంటుంది. మామూలు పద్ధతిలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి గుంతలు కొలిచి ఎస్టిమేట్ వేస్తారు, టెండరు అయ్యాక కాంట్రాక్టరు పని చేస్తాడు, కొలతలు ఎం బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కుతాయి, ఎన్ని చదరపు మీటర్లు వేస్తే అంత బిల్లు. ఇందులోని వంకర గమనించండి. గుంతలు ఎన్ని పడితే అంత పని. రోడ్డు బాగుంటే ఎవరికీ పైసా రాదు. దొంగతనం జరగదని నేను అనను. కోయని అంచును కోసినట్టు, మూడు సెంటీమీటర్ల లోతును ఐదుగా రాయడం ఈ రంగంలో అందరికీ తెలిసిన విద్య. కానీ దొంగతనం బొత్తిగా లేకపోయినా ఈ లెక్కలో గుంతలు తగ్గవు.

దీన్ని తిరగేసే ప్రయత్నం ఒకటి జరిగింది. 2020 ప్రాంతంలో నగరంలోని ముఖ్యమైన రోడ్లు 709 కిలోమీటర్లను సమగ్ర రోడ్డు నిర్వహణ కార్యక్రమం, అందరూ సీఆర్‌ఎంపీ అనే పేరు కింద ఐదేళ్లకు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు. విలువ సుమారు 1,839 కోట్లు. రోడ్డు వేయడం, గుంతలు పూడ్చడం, ఊడవడం అన్నీ ఆ ఏజెన్సీవే. గుంత పడితే ఖర్చు తనదే కాబట్టి పడకుండా చూసుకోవడమే అతనికి లాభం. ఆలోచన మంచిదని నా అభిప్రాయం. కాలనీ లోపలి రోడ్లు మాత్రం అందులో లేవు, మీ మలుపు ఎప్పటిలాగే చదరపు మీటర్ల లెక్కలోనే ఉంది. పుణెలో జంగ్లీ మహారాజ్ రోడ్డు 1976లో పదేళ్ల గ్యారంటీతో వేస్తే దశాబ్దాలపాటు గుంత పడలేదని మా వాళ్లందరూ కథలా చెప్పుకునేవాళ్లం. అందులో మాయేమీ లేదు, మిక్స్ బాగా వేశారు, నీళ్లు పోవడానికి దారి ఇచ్చారు, తర్వాత ఇష్టమొచ్చినట్టు తవ్వనివ్వలేదు.

మీరు చేయగలిగింది చెప్తాను. ఫిర్యాదులో "రోడ్డు బాగోలేదు" అని రాయకండి. గుంత పక్కన చెప్పు గానీ స్కేలు గానీ పెట్టి ఫోటో తీసి, పొడవు, వెడల్పు, లోతు, ఏ ఇంటి ముందో రాయండి. గతంలో ఏ తేదీల్లో పూడ్చారో తప్పకుండా రాయండి. మూడుసార్లు పూడ్చిన చోట కింద లీకేజీ చూడమని అడగండి, ఆ మాట ఉంటే ఫైలు నీటి విభాగానికి కూడా వెళ్తుంది. ఆ రోడ్డు ఎప్పుడు వేశారో, డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఎప్పటిదాకా ఉందో, ఎం బుక్‌లో ఆ ప్యాచ్‌ల కొలతలు ఎంతో సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. గడువు ఇంకా ఉంటే కాంట్రాక్టరు ఉచితంగా బాగుచేయాలి. ఈ ఒక్క కాగితానికి ఉండే శక్తి వంద ట్వీట్లకు ఉండదు.

సొంతంగా పూడ్చుకోవాలనుకుంటే ఇటుక ముక్కలు, ఎర్రమట్టి పోయకండి. ఒక్క వానకు బురదై పక్క తారును కూడా నానబెడుతుంది, బండ్లు జారతాయి. కంకరలో డస్ట్ కలిపి కాస్త తడిపి, రెండు పొరలుగా గట్టిగా కొట్టండి, నెలా రెండు నెలలు ప్రాణం నిలుపుతుంది. రైల్వేలో రిటైరై, పింఛను డబ్బుతో భార్యతో కలిసి హైదరాబాద్ వీధుల్లో ఏళ్లుగా గుంతలు పూడ్చిన కట్నం గంగాధర తిలక్ గారి గురించి వినే ఉంటారు. ఆయన లాంటివాళ్లు పూడ్చిన గుంతలో పడి చేయి విరగ్గొట్టుకోకుండా ఇంటికి చేరినవాళ్లు చాలామందే ఉంటారు. కానీ అందరూ ఆయన కాలేరు, కావాల్సిన అవసరమూ ఉండకూడదు.

ఈసారి గ్యాంగ్ వచ్చినప్పుడు మీరు ఇంట్లో ఉంటే బయటికి రండి. మిక్స్ ధర, టెండరు రేటు ఏమీ అడగక్కర్లేదు. "కోస్తున్నారా లేదా? జిగురు నల్లబడిందా?" అని రెండే ప్రశ్నలు అడగండి. తెలిసినవాడెవరో చూస్తున్నాడని అర్థమైతే మేస్త్రీ గడ్డపార బయటికి తీస్తాడు. కాస్త మంచినీళ్లు కూడా ఇవ్వండి, 150 డిగ్రీల మిక్స్ పక్కన మే నెల ఎండలో నిలబడే పని అది. పూడ్చి వెళ్లాక లేచొచ్చిన ముక్క ఏమైనా దొరికితే అడుగు వైపు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.